మూత దగ్గర మనిషి

"షిప్పు ఎల్లిపోతంది సెల్లమ్మా. గురువారం పొద్దున్న లాక్కుపోతారంట. సూత్తానంటే రా."

ఫోనులో ఆ గొంతు వినేసరికి నేను రాజమండ్రిలో మా వంటింట్లో గోంగూర వలుస్తున్నాను. రాంగ్ నంబరేమో అని పెట్టేయబోయాను. "నాను అప్పలనాయుణ్ని. జోజి ఫ్రెండుని" అన్నాడు. చేతిలో కట్ట నేల మీద పడిపోయింది.

మా ఇంట్లో నాయుడి పేరు ఎత్తకూడదు. జోజి మా అన్నయ్య. నేవీలో చమురు ఓడ మీద పనిచేస్తూ ఇరవై మూడేళ్ళకే పోయాడు. నాకప్పుడు పదేళ్ళు. ఆ ఓడలో చమురు ట్యాంకు ఖాళీ అయితే దాన్ని కడగడానికి ఇద్దరిద్దరు వెళ్ళేవారు. ఒకడు లోపలికి దిగుతాడు, రెండోవాడు పైన మూత దగ్గర కాపలా ఉంటాడు. అన్నయ్యా నాయుడూ ఒక జత. సెలవుకొచ్చినప్పుడల్లా ఇంట్లో ఇవే కబుర్లు. ఒకరోజు ట్యాంకులో గ్యాసు మిగిలిపోయింది. అన్నయ్య లోపల పోయాడు, నాయుడు బతికాడు.

శవపేటికతో పాటు ఇంటికొచ్చిన నాయుణ్ణి అమ్మ చొక్కా పట్టుకుని అడిగింది: "మూత దగ్గరే ఉన్నావు కదరా, దిగలేకపోయావా?" అతను అమ్మ కాళ్ళ మీద పడ్డాడు గానీ నోరు విప్పలేదు. "పిరికి సన్నాసీ, నా గడప తొక్కకు" అంది అమ్మ. తొక్కలేదు. నలభై ఏళ్ళు దాటిపోయింది.

అమ్మకిప్పుడు ఎనభై దాటాయి, నా దగ్గరే ఉంటుంది. కళ్ళు ఆనవు గానీ చెవులు మాత్రం పాము చెవులు. "ఎవడే?" అంది మంచం మీంచి. అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పేశాను. గొడవ చేస్తుందనుకున్నాను. "వెళ్ళు" అంది. "ఓడ ఫొటోలు నాకొద్దు. ఎందుకు దిగలేదో వాణ్ణి అడుగు. జవాబు పట్టుకురా. అది తెలియకుండా పోతే నాకు మట్టి కూడా తేలిక కాదు."

ఇదీ నేను విశాఖపట్నం బయలుదేరిన కారణం. అందరూ బీచి చూడ్డానికి వెళతారు, నేను ఒక మనిషిని నిలదీయడానికి వెళ్ళాను.

బుధవారం ఉదయం ఏడు దాటాక రాజమండ్రిలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మీరూ వెళ్ళేటట్టయితే కిటికీ పక్క సీటు చేసుకోండి, అన్నవరం దాటాక కొండలు బాగుంటాయి. సామర్లకోటలో ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీ నిన్నటిది. అమ్మినవాడితో దెబ్బలాడదామంటే బండి కదిలిపోయింది. ఎదురు సీట్లో తణుకు నుంచి ఒకాయన, స్టీల్ ప్లాంటులో కొడుకుని చూడ్డానికి పోతున్నాడు. "మీరెవరింటికండీ?" అన్నాడు. "చుట్టాలింటికి" అన్నాను. నోటికలా వచ్చేసింది, నాలుక కరుచుకున్నాను.

స్టీల్ ప్లాంటు వైపు వెళ్ళేవాళ్ళు వైజాగ్ దాకా పోనక్కర్లేదు, దువ్వాడలో దిగిపోవాలి. దిగాను. పదిన్నర అయింది. నేను ఊహించుకున్న నాయుడు నల్లటి మీసాలవాడు, నలభై ఏళ్ళుగా నా తలలో వాడికి వయసు పెరగలేదు. ప్లాట్‌ఫాం మీద నిలబడినవాడు బక్కచిక్కిన ముసలాయన. పండిన తల, చేతిలో గొడుగు. నన్ను చూడగానే కళ్ళు పెద్దవి చేసి, "జోజి మొకమే" అన్నాడు. సంచీ అందుకోబోతే నేను ఇవ్వలేదు.

ఆటోలో ఉక్కునగరం చేరాం. నేవీ నుంచి వచ్చేశాక ఆయన ప్లాంటులోనే పనిచేసి రిటైరయ్యాడట. ఇప్పుడు కూతురికి అక్కడే ఉద్యోగం, ఆమె క్వార్టర్లో ఉంటున్నారు. ఉక్కు అంటే పొగ, బొగ్గు అనుకుని ముక్కుకి అడ్డంగా రుమాలు కూడా తీసిపెట్టుకున్నాను. తీరా చూస్తే రోడ్డంతా చెట్లు, సెక్టార్లు, చడీచప్పుడూ లేదు. నైట్ షిఫ్టువాళ్ళు పడుకుంటారని హారన్ కొట్టడట ఆటో అతను. "ఈ టైములో కొడితే తంతారు మేడం" అన్నాడు.

ఇంటి దగ్గర నాయుడుగారి భార్య పైడమ్మ గుమ్మంలోకి ఎదురొచ్చింది. "రండమ్మా, రండి. ఎండలో వొచ్చీసేరు. కాళ్ళు కడుక్కోండి, వంజరం చేపల పులుసెట్టేను" అంది. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదని నేను ఒట్టు పెట్టుకుని వచ్చాను. పులుసు వాసన నా ఒట్టుని గుమ్మంలోనే సగం తినేసింది.

మొహం కడుక్కోవడానికి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. సబ్బు మొహాన ఉండగా తలుపు మీద ఠక్, ఠక్. కెవ్వున అరిచాను. బయట పైడమ్మ, "బయపడకండమ్మా! ఆయనే. లోపల్నించి రెండు దెబ్బలు కొట్టీండి, ఎల్లిపోతాడు" అంది. ఇదేం ఇల్లురా దేవుడా అనుకుంటూ మగ్గుతో బకెట్టు మీద రెండు దెబ్బలు వేశాను. నిజంగానే అడుగుల చప్పుడు దూరం వెళ్ళిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. సబ్బు నురగతో అలాగే నిలబడిపోయాను. సెలవుకొచ్చినప్పుడు అన్నయ్య ఇంతే. అమ్మ స్నానం చేస్తుంటే తలుపు మీద రెండు దెబ్బలు వేసేవాడు, అమ్మ చెంబుతో బకెట్టు మీద బదులు కొట్టేది. "ఉన్నానురా, చావలేదు!" అని తిట్టేది. అదో ఆట అనుకుని నేను నవ్వేదాన్ని.

బయటికి రాగానే పైడమ్మని అడిగాను, ఇదేమిటని. "పెళ్ళయిన కాణ్ణుంచీ ఇదే వొరస. తలుపేసుకుని ఎవులు లోపలికెల్లినా కొడతాడు. మా అల్లుడైతే మొదట్లో అడిలిపోయేడు" అంది. నాయుడుగారు నేల చూస్తూ, "ట్యాంకు పనిలో అలవాటు" అన్నాడు. మూత దగ్గరున్నవాడు ఇనప పానాతో రెండు కొట్టాలట. లోపలున్నవాడు రెండు కొడితే బాగున్నట్టు. బదులు రాకపోతే గంట మోగించి, గ్యాసు మాస్కులున్నవాళ్ళు వచ్చేదాకా అక్కడే నిలబడాలి. "ఏం జరిగినా సరే, మూత కాడ మనిషి కిందకి దిగకూడదు. అది రూలు" అన్నాడు.

"అంటే, రూలు ప్రకారమే దిగలేదంటారు!" అన్నాను. అన్నం కంచం ముందు కూర్చున్నాను, ముద్ద ఇంకా కలపలేదు. అమ్మ అడగమన్న మాట అమ్మ గొంతుతోనే అడిగేశాను. "మా అన్నయ్య కింద పడిపోతుంటే మీరు మూత దగ్గర నిలబడి చూశారు. ఎందుకు దిగలేదో మా అమ్మకి చెప్పాలి. దాని కోసమే వచ్చాను."

ఆయన మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు!" అన్నాను.

పైడమ్మ చేతిలో గరిటె ఠపీమని గిన్నెలో పడింది. "ఓలమ్మా! ఏటలాగంతారు? ఈయన మూత కాడ ఎక్కడున్నాడు? లోపలున్నాడు! మీ అన్నే మూత కాడున్నాడు!"

"ఒలే, ఊరుకో" అన్నాడు నాయుడుగారు.

"ఊరుకోను. ఎన్నాళ్ళూరుకోను? మా పెళ్ళయిన రాత్రి నాకు సెప్పుకుని ఏడ్సేడమ్మా. ఆ పేనం మీ అన్న పెట్టింది. మీరొచ్చి పిరికోడంతే నాను ఊరుకోను."

గోడ మీద ఫ్యాను స్విచ్చు, కంచంలో పులుసు, ఆవిడ ముక్కుపుడక, అన్నీ కనిపిస్తున్నాయి గానీ ఒక్కదానికీ అర్థం తెలియడం లేదు. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో ఒకే బొమ్మ ఉండేది: కింద అన్నయ్య, పైన నాయుడు. ఎవరు చెప్పారు మాకు అలాగని? ఎవరూ చెప్పలేదు! నేవీ ఉత్తరంలో కూడా ట్యాంకులో గ్యాసు వల్ల పోయాడన్న ముక్కే ఉంది. లోపల చనిపోయింది అన్నయ్య, కాబట్టి లోపలికి దిగింది అన్నయ్య అని మేమే లెక్క కట్టేసుకున్నాం. ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను నేను.

అప్పుడు నాయుడుగారు చెప్పాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. "ఆవేళ దిగింది నానే. నడుముకి తాడుంతాది. లోపల ఇనప దూలాలుంతాయి, తాడు వాటికి తగులుకుంతాది. ఇసుగొచ్చి ఇప్పీసి పక్కనెట్టేను. మాలో సేనామంది అలాగే సేసీవోరు. మడ్డి గోకుతంటే గ్యాసు లెగిసింది. మరి నాకేటీ తెల్దు. మీ అన్న పైన రెండు కొట్టేడు. నాను కొట్టనేదు. మళ్ళా కొట్టేడు. గంట మోగించేడంట, అరిసేడంట, మాస్కులోళ్ళొచ్చీదాకా ఆగనేక దిగిపోయేడు. నానిప్పీసిన తాడు తెచ్చి నా నడుముకి కట్టేడు. మూత కాడికొచ్చినోళ్ళు లాగితే నానొచ్చేను. ఆడు రానేదు."

పైడమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఆస్పత్రిలో ఆ ముడి ఇప్పడం ఎవులి వల్లా అవనేదంట. కత్తితో కోసేరంట" అంది.

నేను ఏడ్చానని రాస్తే మీరు నమ్ముతారు గానీ, ముందు వచ్చింది కోపమే. "ఈ మాట మా అమ్మకి ఆరోజే చెప్పొచ్చు కదా! నలభై ఏళ్ళు తిట్టించుకుంటూ ఎందుకున్నారు?" అని అరిచాను.

"ఏటని సెప్పను సెల్లమ్మా? తాడిప్పిన తప్పు నాది, సచ్చింది నీ కొడుకు అని సెప్పనా? పిరికోడంతే పడగలను. నన్ను సూసినప్పుడల్లా 'నా కొడుకు పేనంతో తిరగతన్నాడు' అని అమ్మ అనుకుంతే, అది పడనేను. అమ్మ అడిగిన మాటలో నాకో సందు దొరికింది. అందులో దూరిపోయేను. అదీ పిరికితనమేలే. అమ్మ సరిగ్గానే అన్నాది" అన్నాడు.

ఆ పులుసు చల్లారిపోయాక ముగ్గురం తిన్నాం. రుచి చెప్పలేను, తెలియలేదు.

వన్ టౌన్‌లో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక లాడ్జిలో గది మాట్లాడి పెట్టుకున్నాను. అది ఎలా ఉంటుందో మీకు చెప్పలేకపోతున్నందుకు ఏమీ అనుకోకండి, నేను అక్కడికి పోనే లేదు. "ఒదినా, ఈ ఇల్లుండగా లాడ్జీ ఏటి?" అని పైడమ్మ సంచీ లాక్కుంది. మధ్యాహ్నం 'అమ్మా' అన్న మనిషి సాయంత్రానికి 'ఒదినా'లోకి వచ్చేసింది. అమ్మ రెండుసార్లు ఫోను చేసింది. తీయలేదు. మా ఆయనకి మాత్రం, క్షేమంగా చేరానని మెసేజ్ పెట్టాను.

గురువారం తెల్లారుతూనే కూర్మన్నపాలెంలో పాత పోస్టాఫీసు బస్సు ఎక్కాం ముగ్గురం. గాజువాక, మల్కాపురం, సింధియా. దారంతా గోడలే, గోడల వెనక క్రేన్ల తలకాయలే. కండక్టరు నాయుడుగారికి తెలిసినవాడే. "ఏటి బావా, పొద్దున్నే ఫేమిలీతోటి?" అన్నాడు. "మా షిప్పు ఎల్లిపోతంది బావా. మా సెల్లికి సూపిద్దామని" అన్నాడాయన. నేను సరిదిద్దలేదు.

వన్ టౌన్‌లో దిగి, సందుల్లోంచి చర్చి ఉన్న కొండ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆటో మాట్లాడుకోండి, నాలాగ పంతానికి పోకండి. పైకెక్కితే మాత్రం ఓడలు వచ్చీ పోయే కాలువ కాళ్ళ కింద ఉన్నట్టే ఉంటుంది. ఎదురుగా పెద్ద కొండ, దాని పక్కన సముద్రంలోకి దారి. ఎనిమిది దాటాక నాయుడుగారు గోడ పట్టుకుని, "అదిగో" అన్నాడు.

ఓరి నాయనో! అది ఓడా? ఒక వీధి! మా వీధి మొత్తం, చివర పాల బూత్‌తో సహా, నీళ్ళ మీద కదిలి వస్తున్నట్టుంది. ఒక్క ఫిరంగి లేదు. యుద్ధ నౌక అని చిన్నప్పుడు బడిలో గొప్పలు పోయాను, దాని మీద ఉన్నవన్నీ గొట్టాలూ స్తంభాలూ! ఒళ్ళంతా తుప్పు. పొగ లేదు, చప్పుడు లేదు. ముందొకటీ వెనకొకటీ చిన్న టగ్గులు, తాళ్ళు కట్టి లాగుతున్నాయి. గుజరాత్ తీరంలో ముక్కలు చేస్తారట.

"పేరేది?" అన్నాను. ముక్కు దగ్గర పేరుండాల్సిన చోట రంగు పూసేశారు. "అమ్మీసేక తుడిసెత్తారు" అన్నాడాయన. ఆ పేరు నేనూ ఇక్కడ రాయను.

అది వెళుతున్నంతసేపూ దాని చరిత్ర చెప్పాడు. యుద్ధ నౌకలు రేవుకి రాకుండా నెలల తరబడి సముద్రంలో తిరగాలంటే ఇదే వెళ్ళి చమురు పొయ్యాలట. రెండు ఓడలు పక్కపక్కన ఒకే వేగంతో పరిగెడుతుంటే మధ్యలో గొట్టం వేలాడదీస్తారట, ఎవరు ఒక్క పిసరు పక్కకి జరిగినా గొట్టం తెగిపోతుంది. చమురుతో పాటు ఇటునుంచి ఒక డబ్బాలో మిఠాయి పంపాలి, అది ఆనవాయితీ. గొట్టం విప్పి విడిపోయేటప్పుడు మైకులో పాట పెట్టేవారు. ఏ పాట పెట్టాలన్నది అన్నయ్య పనేనట! తుఫాను వచ్చినప్పుడు తీరం ఊళ్ళకి తాగేనీళ్ళు మోసింది. ఎన్నో దేశాల రేవులు చూసింది. "ఒక్క గుండు పేల్చనేదు దీని జన్మలో. ఇది పొయ్యకపోతే ఎవుడూ పేల్చనేడు" అన్నాడు. ఆఖర్న ఇంజన్లకి విడిభాగాలు దొరక్క, చాలించమన్నారు.

ఓడ మా కిందకి వచ్చేసరికి దాని పొట్ట బయటపడింది. నీళ్ళలో ఉండాల్సిన ఎర్రరంగు భాగం సగం పైకి తేలి కనిపిస్తోంది. "ఖాళీ" అన్నాడాయన. "నిండుగున్నప్పుడు దాన్తో బయం నేదు. ఖాళీ అయినప్పుడే." ఆ ఎర్రపొట్ట లోపల ఏదో ఒక గదిలో అన్నయ్య పడిపోయాడు. అది ఏ గదో ఆయన వేలు పెట్టి చూపించాడు. చూడలేక మొహం తిప్పుకున్నాను, మళ్ళీ చూడకుండా ఉండలేకపోయాను. పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఓడ మలుపు తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోయాక కూడా ఆయన గోడ వదల్లేదు.

"పద అన్నయ్యా, టిఫిన్ చేద్దాం" అన్నాను. ఆయన గిర్రున తిరిగి నా మొహంలోకి చూశాడు. పైడమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

కొండ కింద ఉప్మా పెసరట్టు తిన్నాం. బాగుంది, కారం ఎక్కువ. పూర్ణా మార్కెట్‌లో పైడమ్మ బేరమాడి ఎండు రొయ్యలు కొని, "అమ్మకి" అని నా సంచీలో కుక్కింది. నాయుడుగారు ఆ మార్కెట్ గొడవలో నెమ్మదిగా అడిగాడు: "అమ్మకి సెప్పీస్తావా?"

"జవాబు పట్టుకురమ్మంది. పట్టుకెళ్ళకపోతే ఇంట్లోకి రానివ్వదు" అన్నాను. ఆయన తల ఊపాడు.

మధ్యాహ్నం వైజాగ్ స్టేషన్లో తిరుగు బండి ఎక్కాను. ఎండు రొయ్యల వాసనకి పక్క సీటు అమ్మాయి ముక్కు మూసుకుని, "ఆంటీ, ఆ బ్యాగు పైన పెడతారా, ప్లీజ్" అంది. పెట్టాను. అనకాపల్లి దాటింది, ఎలమంచిలి దాటింది. ఇంటికెళ్ళి ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను. తుని దాటాక ఫోను మోగింది. మా ఆయన ఫోను, గొంతు అమ్మది.

"అడిగావా?"

"అడిగానమ్మా."

"ఏమన్నాడు? ఎందుకు దిగలేదట?"

ఎదుటపడితే నా వల్ల కాదని అప్పుడు తెలిసింది. బండి చప్పుడులో చెప్పేశాను. మూత దగ్గరున్నది మనవాడేనని, లోపలున్నది నాయుడని, విప్పేసిన తాడు, కోసిన ముడి, అంతా చెప్పేశాను. పక్క అమ్మాయి చెవుల్లోంచి పాటల తీగలు తీసేసి నన్నే చూస్తోంది.

అవతల చప్పుడు లేదు. "అమ్మా" అన్నాను. లేదు. "అమ్మా, వింటున్నావా?" ఊపిరి కూడా వినబడలేదు. ఎనభై దాటిన మనిషికి ఫోనులో చెప్పే మాటేనా ఇది? మా ఆయన పక్కనున్నాడో లేదో. ఏం చేయాలో తోచక, చేతి ఉంగరంతో ఫోను మీద రెండుసార్లు కొట్టాను. ఠక్, ఠక్.

బండి ఒక వంతెన దాటింది. మళ్ళీ కొట్టాను.

అవతల నుంచి మంచం కోడు మీద స్టీలు గ్లాసు మోగింది. ఒకటి. ఆగి, ఇంకొకటి.

"ఉన్నానే" అంది అమ్మ. గొంతు ఎక్కడో అడుగునుంచి వచ్చింది. "సుగుణా, వాడికి పైజమా బొందు ముడి వేసుకోవడం కూడా రాదు కదే. పదో తరగతి దాకా నేనే వేసేదాన్ని. ఆ చీకట్లో, ఆ గ్యాసులో, ఎవరూ విప్పలేని ముడి ఎలా వేశాడే?"

"తెలీదమ్మా" అన్నాను.

"నాయుడికి తెలుస్తుందేమో. నడుము వాడిదే కదా. ఆదివారం రమ్మను, నేనే అడుగుతాను."